న్యూజిలాండ్‌లో అద్దె కారు: ఎడమ పక్కే కదా అనుకునే ముందు

న్యూజిలాండ్‌లో బండి మనలాగే ఎడమ పక్కన నడుస్తుంది. స్టీరింగు కుడివైపే ఉంటుంది. లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే వేరే పర్మిట్ కూడా అక్కర్లేదు. ఈ మూడు మాటలూ చెప్పే మనవాళ్లకు సెల్ఫ్ డ్రైవ్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. మూడూ నిజాలే. కానీ ఆ ప్యాకేజీల్లో రోజుకింత అని వేసే దూరాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ‘పొద్దున క్వీన్స్‌టౌన్ నుంచి మిల్ఫర్డ్ సౌండ్, బోటు షికారు, రాత్రికి తిరిగి క్వీన్స్‌టౌన్’ అని ఒక్క గీతలో రాసేస్తారు.

మిల్ఫర్డ్ సౌండ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్ఫర్డ్‌కు ఒక వైపే సుమారు 287 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడ దూరం కంటే కాస్త ఎక్కువ. కానీ మనకున్నట్టు మధ్యలో డివైడరున్న నాలుగు వరసల రోడ్డు కాదది. పోవడానికి ఒక వరస, రావడానికి ఒక వరస, మధ్యలో తెల్ల గీత, అంతే. ఎక్కడా ఆగకుండా నడిపినా నాలుగు గంటలు పడుతుంది. ఆగకుండా ఎవరూ వెళ్లలేరు, ఆ కొండల మధ్య ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు ఫోటో అంటారు. రానూపోనూ ఎనిమిది గంటల డ్రైవింగు, మధ్యలో రెండు గంటల బోటు. చీకటి పడ్డాక, అలసిపోయి, పరాయి దేశపు ఘాట్ రోడ్డులో తిరుగు ప్రయాణం. వెనక సీట్లో అమ్మానాన్నలకు కడుపులో తిప్పుతుంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు, నడిపేవాళ్లు చూసింది రోడ్డొక్కటే. ఇది యాత్ర కాదు, శిక్ష.

దీనికి మంచి దారులు రెండున్నాయి. ముందు రోజు సాయంత్రానికి దారిలో ఉన్న తే అనావు అనే ఊరు చేరి అక్కడ పడుకోండి. అది క్వీన్స్‌టౌన్ నుంచి 170 కిలోమీటర్లు. మర్నాడు మిల్ఫర్డ్‌కు మిగిలేది 118 మాత్రమే. లేదా కారును హోటల్లోనే వదిలేసి కోచ్ బస్సెక్కండి. క్వీన్స్‌టౌన్ నుంచి అద్దాల కప్పున్న బస్సులు బోటు టికెట్‌తో కలిపే వెళ్తాయి. నలుగురికి టికెట్లంటే కారు కంటే ఖర్చెక్కువే. అయినా ఆ ఒక్క రోజుకు బస్సే మేలు, ఎందుకంటే నడిపేవాళ్లు కూడా కిటికీలోంచి చూస్తారు.

సొంతంగానే వెళ్తామంటే తే అనావులో ట్యాంకు నిండా కొట్టించండి. ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది, అందుకని మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మే నుంచి నవంబరు దాకా మంచు చరియల భయం ఉంటుంది. దారి పక్క బోర్డు మీద చెప్పిన రోజున, మంచులో జారకుండా టైర్లకు తొడిగే గొలుసులు బండిలో ఉండి తీరాలి. లేకపోతే జరిమానా వేస్తారు, వెనక్కి పంపుతారు. గొలుసులు అద్దెకు తీసుకునేటప్పుడే అవి ముందు చక్రాలకా వెనక చక్రాలకా అని అడిగి, ఒకసారి అక్కడే తొడిగించి చూపించమనండి. మంచులో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు నేర్చుకునే పని కాదది. దారిలో వచ్చే హోమర్ సొరంగం 1.2 కిలోమీటర్ల పొడవు, లోపల ఏటవాలు. అక్కడ సిగ్నల్ పెట్టి ఒకసారి ఒక వైపు బండ్లనే వదులుతారు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాల్సి రావచ్చు కాబట్టి బోటు టైముకు గంట ముందే చేరేలా బయల్దేరండి. అక్కడ ఆగినప్పుడు కియా అనే కొండ చిలుకలు వచ్చి కారు అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు పీకుతాయి. ముచ్చటగా ఉన్నాయని తిండి మాత్రం పెట్టకండి, వాటి ఆరోగ్యానికి చేటు.

ఎడమ పక్కే అన్న ధీమా దెబ్బతీసేది సిగ్నళ్ల దగ్గర. అక్కడ ఫ్రీ లెఫ్ట్ లేదు. ఎర్ర లైటుంటే ఎడమకు తిరగడానికి కూడా ఆగాల్సిందే. మన చెయ్యి దానంతటదే తిరిగిపోతుంది, పక్కనున్నవాళ్లు గుర్తుచేస్తుండాలి. రౌండెబౌట్లో కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి వదలాలి, ముందు ముక్కు పెట్టినవాడిదే దారి కాదు. స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. మధ్య గీతకు మన వైపు పసుపు గీత ఉంటే ఓవర్‌టేక్ చేయకూడదు.

ఇక ఒంటి వరస వంతెనలు. క్వీన్స్‌టౌన్ ఉన్న దక్షిణ దీవి, సౌత్ ఐలాండ్‌లో, ముఖ్యంగా పడమటి తీరంలో, ఇవి తరచూ తగులుతాయి. బోర్డు మీద రెండు బాణాలుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న ఎర్ర బాణం ఎటువైపు వెళ్లేవాళ్లదో వాళ్లు ఆగాలి. ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు కనిపిస్తే మీరు ఆగాలి. నీలం రంగు నలుపలకల బోర్డు కనిపిస్తే దారి మీది. మీదే అయినా వేగం తగ్గించి, అవతలివాళ్లు ఆగారో లేదో చూసుకునే ఎక్కండి.

ఊరి బయట వేగ పరిమితి సాధారణంగా గంటకు 100 కిలోమీటర్లు, ఊళ్లో 50. అయితే 100 అని రాసుందని 100లోనే పోవాలని కాదు. మలుపులకు ముందు పసుపు బోర్డు మీద 35, 45, 65 అని అంకెలుంటాయి. ఆ అంకెకు దిగే మలుపు తిరగండి. నెమ్మదిగా పోతుంటే తప్పులేదు, వెనక బండ్లు చేరితే ఖాళీ జాగా చూసి పక్కకు తీసి వదిలేయండి. అక్కడివాళ్లను అన్నిటికంటే విసిగించేది దారివ్వని టూరిస్టు బండి. ప్రమాదకరంగా నడిపే బండి కనిపిస్తే పోలీసుల *555కు ఫోన్ చేసి బండి నంబరు చెప్పేస్తారు. చేతిలో ఫోనుతో నడిపితే 150 డాలర్ల జరిమానా. వాళ్ల డాలరు మన లెక్కలో ఇంచుమించు 50 రూపాయలు. ఏడేళ్లు నిండని పిల్లలకు విడిగా చైల్డ్ సీటు తప్పనిసరి, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటే కుదరదు. ఆ సీటు కావాలని బుకింగప్పుడే చెప్పాలి.

డబ్బు సంగతికొస్తే, మోసపోయామని మనవాళ్లు బాధపడేది ఎక్కువగా డీజిల్ దగ్గర. పెట్రోలు ధరలో రోడ్డు పన్ను కలిసి ఉంటుంది. డీజిల్‌లో ఉండదు కాబట్టి బంకు బోర్డు మీద చవగ్గా కనిపిస్తుంది. ఆ పన్ను విడిగా, తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టాలి. 3.5 టన్నుల లోపు డీజిల్ బండికి 1,000 కిలోమీటర్లకు 76 డాలర్లు. క్యాంపర్‌వ్యాన్లు, అంటే లోపలే పడుకునే వసతున్న వ్యాన్లు, ఎక్కువ భాగం డీజిల్‌వే. 2,000 కిలోమీటర్లు తిరిగితే 152 డాలర్లు, దానిపైన కంపెనీ తన రుసుము వేసుకుంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే రేటు. బుక్ చేసేటప్పుడు అద్దెలో ఈ పన్ను ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

రెండోది ఇన్సూరెన్సు. మామూలు అద్దెలో కలిసే ఇన్సూరెన్సుకు, ఏదైనా జరిగితే మొదటి కొన్ని వేల డాలర్లు మనమే భరించాలి. క్రెడిట్ కార్డు మీద అంత మొత్తం ఆపేసే కంపెనీలూ ఉన్నాయి, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. పూర్తి కవరు కొన్నా టైర్లు, అద్దం, బండి అడుగుభాగం అందులో ఉన్నాయేమో చదవాలి. కంకర రోడ్ల మీద రాయి ఎగిరి ముందు అద్దానికి తగలడం మామూలే. కొన్ని రోడ్లలోకి బండి తీసుకెళ్తే ఏ ఇన్సూరెన్సూ చెల్లదు. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు, ఉత్తరాన నైంటీ మైల్ బీచ్ అలాంటివి. తాళాలు తీసుకున్న వెంటనే బండి చుట్టూ తిరిగి, అడుగున కూడా వీడియో తీసుకోండి.

లైసెన్సు ఇంగ్లీషులో లేకపోతే ఆమోదించిన అనువాదమో, మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిటో కావాలి. మన దగ్గర దాని ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది.

కారు వద్దనుకునేవాళ్లకు రైళ్లు తక్కువే, కానీ ట్రాన్జ్‌ఆల్పైన్ మాత్రం వదులుకోవద్దు. క్రైస్ట్‌చర్చ్ నుంచి గ్రేమౌత్‌కు 223 కిలోమీటర్లు, దాదాపు ఐదు గంటలు. రానూపోనూ అదే రైలెక్కడం డబ్బు దండగ. ఒక వైపే ఎక్కి, గ్రేమౌత్‌లో కారు తీసుకుని పడమటి తీరం వెంట ఫ్రాంజ్ జోసెఫ్, హాస్ట్, వనాకా మీదుగా క్వీన్స్‌టౌన్‌లో అప్పగించడం అన్నిటికంటే చక్కని పద్ధతి. ఫ్రాంజ్ జోసెఫ్ నుంచి వనాకా 285 కిలోమీటర్లు, దానికి ఒక పూర్తి రోజు ఇవ్వండి. వనాకా నుంచి క్వీన్స్‌టౌన్‌కు క్రౌన్ రేంజ్ దారి 1,076 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. వ్యాను నడిపేవాళ్లు క్రామ్‌వెల్ మీదుగా పోవడమే నయం. ఇంటర్‌సిటీ బస్సులు ఊళ్లను కలుపుతాయి, కానీ చాలా దారుల్లో రోజుకు ఒకటో రెండో. ఉత్తర, దక్షిణ దీవుల మధ్య బండ్లనూ ఎక్కించుకునే ఓడ, ఫెర్రీ, మూడున్నర గంటలు. బండిని ఫెర్రీ ఎక్కించనివ్వని కంపెనీలుంటాయి, అలాంటప్పుడు వెల్లింగ్టన్‌లో ఒకటి ఇచ్చేసి పిక్టన్‌లో ఇంకొకటి తీసుకోవాలి. టోలు రోడ్లు ఆక్లాండ్ ఉత్తరాన, టౌరాంగా దగ్గర ఉన్నాయి. గేట్లుండవు, దాటాక ఐదు రోజుల్లో ఆన్‌లైన్‌లో కట్టాలి. మర్చిపోతే రెండు మూడు డాలర్ల టోలుకు కంపెనీ రుసుము దానికి ఎన్నో రెట్లు పడుతుంది.

దిగిన రోజున కారు తీసుకోవద్దు. విమానం మారుతూ దాదాపు రోజంతా ప్రయాణం చేసి ఉంటారు, పైగా ఆరున్నర నుంచి ఏడున్నర గంటల కాల వ్యత్యాసం. ఎయిర్‌పోర్టులో ఆవకాయ, పొడులు, మొక్కలతో చేసినవి ఏమున్నా డిక్లేర్ చేయండి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. ఆ రాత్రి ఊళ్లోనే పడుకుని, మర్నాడు ట్రాఫిక్ తగ్గాక, పదింటికి కారు తీసుకుంటే మొదటి గంట ఖాళీ రోడ్డు మీద అలవాటవుతుంది.