సూపర్ మార్కెట్లో ఆర్గానిక్ సరుకులు: ఏళ్ల తరబడి కొన్నాక నా మాట

మా బాబు అన్నం తినడం మొదలుపెట్టినప్పటి నుంచి వీలైనంత వరకు ఆర్గానిక్ సరుకులే కొంటున్నాం, ఇప్పుడు వాడు హైస్కూల్‌కి వచ్చాడు. ఇన్నేళ్లలో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పెద్ద స్టోర్లు, ఆర్గానిక్ షాపులు, ఆదివారం సంతలు అన్నీ తిరిగాను. ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. పప్పులు, బియ్యం, బెల్లం, పసుపు లాంటివి ప్యాకెట్ వెనక చదివి ధైర్యంగా కొనొచ్చు. కూరగాయలు, ఆకుకూరలు మాత్రం సూపర్ మార్కెట్లో బోర్డు చూసి ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

ముందు ఆ కూరగాయల సంగతే చెప్తాను, ఎందుకంటే నాకు బాగా కోపం తెప్పించేది అదే. మాకు దగ్గర్లో ఒక పెద్ద స్టోర్‌లో పచ్చ బోర్డు పెట్టి విడిగా ఒక ర్యాక్ ఉంటుంది. థర్మాకోల్ ట్రేలో నాలుగు వంకాయలు, పైన ప్లాస్టిక్ కవర్ బిగించి, బరువు, ధర ఉన్న స్టిక్కర్ అంటించి పెడతారు. పాలకూర అయితే కవర్ లోపలంతా ఆవిరి పట్టి నీటి బొట్లు, తిప్పి చూస్తే కింద కాడలు అప్పటికే జిగురు జిగురుగా ఉంటాయి. స్టిక్కర్ మీద పండించింది ఎవరు, ఏ ఊరు, సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరు అన్నది ఒక్క ముక్క ఉండదు. పక్కనే బుట్టలో లూజుగా సొరకాయలు, వాటి మీదా అదే బోర్డు. అక్కడ సర్దుతున్న అబ్బాయిని అడిగితే "గోడౌన్ నుంచి ట్రేల్లో వస్తాయి మేడమ్, మేం ఇక్కడ పెడతాం అంతే" అన్నాడు. పాపం ఆ అబ్బాయికి మాత్రం ఏం తెలుస్తుంది. మేనేజర్‌ని అడిగితే హెడ్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను, ఇప్పటిదాకా జవాబు లేదు. పక్క ర్యాక్‌లో ఉన్న వంకాయకి రెట్టింపు ధర తీసుకుంటూ అది ఎవరి పొలంలో కాసిందో చెప్పలేకపోతే ఆ ఎక్కువ డబ్బులు దేనికి తీసుకుంటున్నట్టు?

ఇంకో మాట. పురుగు ఉంటే ఆర్గానిక్, లేకపోతే మందు కొట్టినది అని చాలామంది నమ్ముతారు. అలా ఏం ఉండదు. వంకాయలో కాయ తొలిచే పురుగుకి చాలా మందులు పని చేయడం మానేశాయి, మళ్లీ మళ్లీ కొట్టిన కాయలోనూ పురుగు దొరుకుతుంది. నేను చూసేది సీజన్. మే నెల ఎండల్లో పాల నురగ లాంటి క్యాలీఫ్లవర్ ఆర్గానిక్ ర్యాక్‌లో ప్రతి వారం ఒకే సైజులో కనిపిస్తే నేను ముట్టుకోను. నిజంగా మందుల్లేకుండా పండించేవాళ్ల దగ్గర ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండదు.

ప్యాకెట్ల దగ్గరికి వస్తే కథ వేరు. 2017లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ఆర్గానిక్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చింది. షాపులో ఆర్గానిక్ అని అమ్మే ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్గానిక్ గుర్తు ఉండాలి (అప్పట్లో తెచ్చిన దాని పేరు జైవిక్ భారత్), దాంతోపాటు రెండు పద్ధతుల్లో ఏదో ఒకదాని సర్టిఫికేషన్ ఉండాలి. ఒకటి ఎన్‌పీఓపీ, అంటే ఎగుమతుల కోసం 2001లో మొదలైనది, దాని గుర్తు ఇండియా ఆర్గానిక్. ఇందులో బయటి సంస్థ వచ్చి పొలం తనిఖీ చేస్తుంది. రెండోది పీజీఎస్, ఇందులో రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు చూసుకుంటారు. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే రైతు మందులు మానేశాడు గానీ ఇంకా మార్పు దశలోనే ఉన్నాడని అర్థం. ఎన్‌పీఓపీలో అయినా వరి, పప్పుల లాంటి పంటలకు మందులు మానేశాక విత్తే ముందు 2 ఏళ్లు గడవాలి, పండ్ల తోటలకైతే మొదటి కోతకు ముందు 3 ఏళ్లు. నాకు గ్రీన్ గుర్తు ఉన్నవి కొనడానికి ఏ అభ్యంతరమూ లేదు, ఆ ఏళ్లలోనే రైతుకి దిగుబడి తగ్గి చేయూత కావాలి. కాకపోతే ఆ విషయం ప్యాకెట్ ముందు పెద్ద అక్షరాల్లో చెప్పి, ధర దానికి తగ్గట్టు పెట్టాలి.

చాలామంది చూసుకోని చోటు ఇక్కడే ఉంది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ బిస్కెట్ ప్యాకెట్ మీదా ఉంటుంది, దానికీ ఆర్గానిక్‌కీ సంబంధం లేదు. పచ్చ చుక్క అంటే శాకాహారం, అంతే. న్యాచురల్, ఫార్మ్ ఫ్రెష్, కెమికల్ ఫ్రీ అని ముందు వైపు ఎన్ని రాసినా సర్టిఫికెట్ కిందికి రావు. వెనక వైపు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, నంబర్ వెతకండి.

నేను నిలకడగా కొనే బ్రాండ్లు 24 మంత్ర, టింబక్టు, సహజ ఆహారం. 24 మంత్ర మన హైదరాబాద్‌లో 2004లో మొదలైన కంపెనీ, 2025లో ఐటీసీ చేతికి వెళ్లింది, కాబట్టి ఇక ముందు నాణ్యత ఎలా ఉంటుందో గమనిస్తూనే ఉంటాను. టింబక్టు వాళ్లది చెన్నేకొత్తపల్లి దగ్గర రైతుల సహకార సంఘం, కొర్రలు, వేరుశనగ నూనె వాళ్లవి మా ఇంట్లో అందరికీ ఇష్టం. కందిపప్పు మామూలుదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. పాలిష్ లేని పప్పు తీసుకోండి, చూడ్డానికి మెరవదు, చేత్తో తీస్తే కాస్త పిండి అంటుతుంది, గంటసేపు నానబెడితే చక్కగా ఉడుకుతుంది. పాలిష్ లేనిదల్లా ఆర్గానిక్ కాదు, అదీ గుర్తుంచుకోండి. రుచిలో తేడా నాకు స్పష్టంగా తెలిసింది పప్పులో, బెల్లంలో. బంగారు రంగులో మెరిసే బెల్లానికి ఆ రంగు తేవడానికి చాలాచోట్ల హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలుపుతారు, అందుకే ముదురు గోధుమ రంగు బెల్లమే తెస్తాను. పాయసం నల్లగా వస్తుందని మా అత్తయ్య మొదట్లో గొణిగారు, ఇప్పుడు ఆవిడే అది తప్ప ఇంకోటి వద్దంటారు.

పురుగు బెడద మాత్రం ఉంది, దాచడం ఎందుకు. ఆర్గానిక్ సరుకుని గోడౌన్లో రసాయనాల పొగ పెట్టకూడదు, అందుకని బొంబాయి రవ్వ, సజ్జలు, పెసరపప్పు తొందరగా పురుగు పట్టేస్తాయి. స్టోర్లో అమ్ముడుపోక నెలల తరబడి ఉన్న ప్యాకెట్ అయితే ఇంటికి తెచ్చేసరికే బూజు తీగల్లా గూళ్లు కట్టి ఉంటాయి. ప్యాక్ చేసిన తేదీ చూసి వెనక వరసలోంచి తీయండి, కిలో బదులు అరకిలో కొనండి, తెచ్చిన వెంటనే మూడు నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టి తీసి, బాగా ఆరాక డబ్బాలో పోసి ఎండు వేపాకు వేయండి. సజ్జ పిండి అసలు కొనొద్దు, అది తొందరగా చేదెక్కుతుంది, సజ్జలు కొని ఎప్పటికప్పుడు మర పట్టించుకోవడమే.

కూరగాయలకి నేను ఆదివారం సంతకి వెళ్తాను. నేరుగా అమ్ముకునే చిన్న రైతులకి చట్టం సర్టిఫికెట్ మినహాయింపు ఇచ్చింది, అందుకని అక్కడ మనిషిని అడిగి నమ్మాల్సిందే. నేను కొనే రైతన్న జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం) ఎప్పుడు పారించాడో, వేప కషాయం ఏ పంటకి కొట్టాడో అడగకుండానే చెప్తాడు. "అక్కా, ఈ వారం టమాటా లేదు, వానకి మొత్తం పోయింది" అంటాడు, నాకు ఆ మాటే సర్టిఫికెట్ కంటే ఎక్కువ. పొలం చూస్తానంటే రమ్మన్నాడు, ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం. రైతు బజార్‌లో దొరికేవన్నీ ఇలాంటివే అనుకోకండి, అక్కడ తాజాగా, చవగ్గా దొరుకుతాయి కానీ మందు కొట్టారా లేదా అన్నది వేరే విషయం.

బడ్జెట్ తక్కువైతే అన్నీ మార్చాలని టెన్షన్ పడక్కర్లేదు. రోజూ తినే బియ్యం, పప్పు ముందు మార్చండి. తర్వాత పచ్చిమిర్చి, ఆకుకూరలు, ద్రాక్ష, క్యాలీఫ్లవర్, వీటికే మందులు ఎక్కువ పడతాయి. ఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగితే పైన ఉన్నది కొంత పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్న మందు పోదు. కరివేపాకు కూడా బాగా మందులు పడేదే, అది కొనకుండా కుండీలో పెంచుకుంటే చాలు, బాల్కనీలో ఎండ తగిలితే చక్కగా వస్తుంది. ఉల్లిపాయ, కొబ్బరికాయ, అరటిపండు లాంటి తొక్క తీసి తినేవాటికి నేనైతే ఎక్కువ పెట్టను, మామూలువే తెస్తాను.