నార్మల్, సిజేరియన్, ముహూర్తం ఆపరేషన్: ఏది మేలు?

మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా కన్నాం. నాది సిజేరియన్, బిడ్డ కడుపులో అడ్డంగా ఉండిపోయినందుకు. మా చెల్లెలిది నార్మల్. మా తోటికోడలిదీ సిజేరియనే, కానీ అది అయ్యవారు రాసిచ్చిన ముహూర్తానికి. ఉరవకొండ పక్కన మా ఊర్లో ఎవరు నెల తప్పినా సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి అడుగుతారు, "ఏది మేలు అక్కా?" అని.

అందరూ రెండింటిని పోలుస్తారు. నా లెక్కలో మూడున్నాయి. అవసరం వచ్చి చేసిన ఆపరేషన్‌నూ, అవసరం లేకుండా చేయించుకున్న ఆపరేషన్‌నూ ఒకే గాటన కట్టడం వల్లనే సగం అపోహలు పుడుతున్నాయి.

నన్ను చూసి "నొప్పులు పడే ఓపిక లేక కోయించుకుంది" అన్నవాళ్లున్నారు. బిడ్డ అడ్డంగా ఉంటే ఎంత ఓపిక ఉన్నా కాన్పు కాదు. మాయ గర్భసంచి నోటికి అడ్డంగా ఉన్నా, బొడ్డుతాడు బిడ్డకన్నా ముందు జారినా, నొప్పుల మధ్యలో బిడ్డ గుండె చప్పుడు పడిపోయి తేరుకోకపోయినా అంతే. మా అవ్వ "మేం పదిమందిని ఇంట్లోనే కన్నాం" అంటుంది. పదిమందిలో ఆరుగురే మిగిలారు. మిగతా నలుగురి మాట ఎత్తదు.

అలాగని చెప్పిన ప్రతి కారణమూ కారణం కాదు. "మెడకు పేగు చుట్టుకుంది" అని స్కానింగ్ కాగితంలో కనిపించగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇది నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ఉండేదే. చాలామంది మామూలుగానే పుడతారు, బయటికి రాగానే ఆ చుట్టు తీసేస్తారు. (మేనమామకు గండం, నూనెలో ముఖం చూపించాలి అనే మాట వేరే సంగతి.) తల్లి పొట్టిగా ఉందనో, షుగర్ ఉందనో ఆ ఒక్క ముక్కతోనే ఆపరేషన్ ఖాయం అయిపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63, ప్రభుత్వాసుపత్రుల్లో 27. దేశం మొత్తం మీద చూస్తే 21 దాకానే. కష్టమైన కేసులు చివరికి ప్రభుత్వ పెద్దాసుపత్రికే వస్తాయి కదా, మరి అక్కడే తక్కువ ఎందుకుందో ఎవరికి వాళ్లు ఆలోచించుకోవచ్చు.

ఇక నొప్పి సంగతి. సిజేరియన్‌లో నొప్పి ఉండదన్నది పెద్ద అబద్ధం. ముందు పడాల్సింది తర్వాత పడతాం, అంతే తేడా. మా చెల్లెలు పద్నాలుగు గంటలు అరిచింది, మర్నాడు లేచి స్నానం చేసింది. నేను థియేటర్లో చల్లగా పడుకున్నాను. మరుసటి రోజు నర్సమ్మ లేపి నడిపిస్తే చుక్కలు కనిపించాయి. దగ్గాలంటే కడుపుకు దిండు అదుముకోవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా తొందరగా నడిపిస్తారు, కోపం తెచ్చుకోకండి. ఆరు వారాలు బిడ్డకన్నా బరువైనది ఎత్తకూడదు. నీళ్ల బిందెలు మోసే ఇంట్లో ఇది చిన్న మాటేం కాదు.

అయితే చెల్లెలిదీ పూర్తిగా సుఖమేం కాదు. కింద కుట్లు పడ్డాయి, నెలరోజులు సరిగ్గా కూర్చోలేదు. గట్టిగా తుమ్మితే రెండు చుక్కలు మూత్రం పడుతుందని సిగ్గుపడుతూ చెప్పింది. ఈ ఇబ్బంది నార్మల్ అయినవాళ్లలోనే ఎక్కువ. ఎవరూ బయటికి చెప్పుకోరు.

వెన్నుకు మత్తు సూది వేస్తే జీవితాంతం నడుం నొప్పే అంటారు. సూది వేసిన చోట కొన్ని రోజులు నొప్పి నిజం. ఏళ్ల తరబడి నడుం పట్టేయడానికి మాత్రం తొమ్మిది నెలల బరువు, బిడ్డను వంగి ఎత్తుకోవడం, కూర్చుని పాలివ్వడం కారణం. నడుం నొప్పి మా చెల్లెలికీ ఉంది, ఆమెకు సూదే వేయలేదు.

పాలు పడవన్నది ఇంకో మాట. మాయ బయటికి వచ్చాకే పాలు పడే ఏర్పాటు మొదలవుతుంది, అది రెండు కాన్పుల్లోనూ ఒకటే. ఆపరేషన్ అయితే ఒక రోజు ఆలస్యం కావచ్చు. అప్పటికి ముర్రుపాలే చాలు, డబ్బా పాలకు పరుగెత్తనక్కర్లేదు. పత్తెం గురించి చెప్తే మా అత్త నొచ్చుకుంటుంది గానీ చెప్పాలి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని నాకు ఇరవై రోజులు వెల్లుల్లి కారం, అన్నమే పెట్టారు. కుట్టు మానడానికి కావాల్సిందే పప్పు, గుడ్డు, పాలు. నీళ్లు కూడా తగ్గించారు. దాంతో విరేచనం గట్టిపడి కుట్ల మీద ఎంత భారం పడిందో నాకే తెలుసు.

మూడోదానికొస్తే, నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. ముహూర్తం ఆపరేషన్‌కు నేను ఒప్పుకోను. అయ్యవారు నక్షత్రం లెక్కపెడతారు, కడుపులో బిడ్డకు ఎన్ని వారాలు నిండాయో లెక్కపెట్టరు. నొప్పులు మొదలైతే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఆరిపోవడం మొదలవుతుంది. నొప్పులు రాకముందే, అదీ 39 వారాలు నిండకముందే తీస్తే ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. మా తోటికోడలి బిడ్డను మంచి నక్షత్రం అని 37వ వారంలో తీశారు. నాలుగు రోజులు బాక్సులో పెట్టారు. ఆ ఆసుపత్రిలో ముందుగా ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

ఖర్చు సంగతి ఒక్క ముక్క. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి ప్రభుత్వాసుపత్రిలో నార్మల్ అయినా, సిజేరియన్ అయినా ఉచితం. మందులు, రక్తం, తిండి, ఇంటికి దింపే బండి అందులోనే.

మొదటి కోత అసలు బరువు రెండో కాన్పులో తెలుస్తుంది. ఆపరేషన్లు పెరిగేకొద్దీ మాయ పాత కుట్టు మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అయినా "ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అనడం తప్పు. తగినవాళ్లను చూసి ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విడిపోయేది దాదాపు 200 మందిలో ఒకరికి. ఆ ఒకరి కోసమే రాత్రింబవళ్లు థియేటరు, రక్తం, మత్తు డాక్టరు ఉన్నచోటే ప్రయత్నించాలి. మాకైతే అనంతపురం పోవాల్సిందే, 50 కిలోమీటర్ల దారి. నొప్పులు వచ్చాక బయల్దేరదాం అనుకుంటే కుదరదు.

మా తోటికోడలికి ఇప్పుడు ఏడో నెల. డాక్టరమ్మ పాత డిశ్చార్జి కాగితం అడిగింది. గర్భసంచి మీద అడ్డకోతా, నిలువుకోతా అని చూడాలట. పైన చర్మం మీద గాటును బట్టి లోపలిది చెప్పలేరు, నిలువుకోత అయితే నార్మల్‌కు ప్రయత్నించరు. రెండు రోజులు వెతికితే బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. అడ్డకోతే. ప్రయత్నించి చూద్దాం అంది డాక్టరమ్మ. నిన్న మా అత్త మళ్లీ పంచాంగం తీసింది. నేను చూసిన చూపుకు, "బిడ్డ పుట్టినాక పేరు పెట్టేదానికిలే అమ్మీ" అంది.