బంతిని లాక్కునేవాడా, ఆటను నడిపేవాడా? డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఎంపిక

విశాఖలో కళాశాల ఫుట్‌బాల్ జట్టునో, కాలనీ జట్టునో కూర్చేవారికి గోల్ కొట్టాలని ఉబలాటపడేవారు ఎందరైనా దొరుకుతారు. డిఫెండర్ల ముందు, అంటే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ స్థానంలో, ఎవరిని నిలపాలన్నదే తేలని ప్రశ్న. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటే తరహా ఆటగాడా, స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ సెర్జియో బుస్కెట్స్ తరహా ఆటగాడా?

పనితీరు: కాంటే ప్రత్యర్థి పాస్‌ను ముందే పసిగట్టి, పరుగున వెళ్లి బంతిని లాక్కుంటాడు. లీసెస్టర్ సిటీ 2016లో, చెల్సీ 2017లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ గెలవడంలో ఆ పరుగుకు పెద్ద వాటా ఉంది. బుస్కెట్స్ బంతి రాకముందే మెడ తిప్పి ఇరువైపులా చూసుకొని, ప్రత్యర్థిని తన మీదికి రప్పించి, ఒక్క స్పర్శతో ఖాళీలో ఉన్న సహచరుడికి అందించేవాడు. టీవీ కెమెరా బంతినే వెంబడిస్తుంది కనుక ఈ నేర్పు సగం కనిపించదు. కొద్ది నిమిషాలు బంతిని వదిలి అతడినే గమనిస్తే తప్ప దాని విలువ తెలియదు. అదే కోవకు చెందిన స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ రోడ్రికి 2024లో, ఏటా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పురస్కారం దక్కడం నా దృష్టిలో ఆలస్యంగా అందిన గుర్తింపు.

శ్రమ: మొదటివాడికి ఊపిరి కావాలి, విశాఖ ఉక్కపోతలో అది త్వరగా కరుగుతుంది. రెండోవాడికి ఏళ్ల సాధన కావాలి.

ప్రమాదం: మొదటివాడు తొందరపడితే ఫౌల్, పసుపు కార్డు, వెనుక ఖాళీ. రెండోవాడి కాలి నుంచి బంతి జారితే నేరుగా గోల్ ముప్పు.

మైదానం ఎగుడుదిగుడుగా ఉండి, ప్రత్యర్థి బలమైనదైతే కాంటే తరహావాడే మేలు. నేల చదునుగా ఉండి, బంతి ఎక్కువసేపు మన జట్టు దగ్గరే ఉంటే బుస్కెట్స్ తరహావాడిని నిలపాలి.