ఆరేళ్లు వాడిన స్టాటిక్ మీటర్

జడ్చర్ల దగ్గర పాలిథిన్ కవర్ల యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. చలికాలం వచ్చిందంటే వైండింగ్ మిషన్ పక్కన చేతి మీది వెంట్రుకలు లేచి నిలబడతాయి. "అన్నా, రోలు ముట్టుకుంటే సర్రున కొడుతున్నది" అని పొద్దున్నే పంచాయితీ. ఆ తిప్పలు పడలేకే రాపిడికి ఫిల్మ్ మీద చేరే చార్జి (స్టాటిక్) ఎంతుందో చూపే, చేతిలో పట్టేంత స్టాటిక్ ఫీల్డ్ మీటర్ ఒకటి తెప్పించాను.

వాడకం తేలిక. రెండు ఎర్ర లైట్లు ఫిల్మ్ మీద పడతాయి. అవి ఒకదాని మీదికొకటి వచ్చేదాకా జరిపితే దూరం 2.5 సెంటీమీటర్లు. అప్పుడు తెర మీద కిలోవోల్టులు, 20 దాకా. ఇంకా దగ్గరికి పోతే అంకె ఎగబాకుతుంది, వెనక్కి వస్తే పడిపోతుంది.

మొదటి ఏడాది నేను మోసపోయింది రోలర్ దగ్గర. ఫిల్మ్ ఇనుప రోలర్ మీద పోతున్న చోట చూస్తే 1 కూడా దాటలేదు. హమ్మయ్య అనుకున్నా. రెండడుగుల అవతల, గాల్లో సాగుతున్న అదే ఫిల్మ్ మీద పెడితే మైనస్ 14! చార్జి ఎటూ పోలేదు. వెనక ఎర్త్ అయిన ఇనుముంటే ఫీల్డ్ అటే మళ్లుతుంది, మీటర్ దాకా రాదు. ఇప్పుడు రెండు రోలర్ల నడుమే చూస్తాను.

మీటర్‌కు ఎర్త్ వైరు తగిలించకపోయినా అంకె తప్పే. రబ్బరు చెప్పుల మీద నిలబడితే మన ఒంటి చార్జి కూడా లెక్కలో కలుస్తుంది.

దీంతో అసలు లాభం అయాన్ బార్ దగ్గర, అంటే సూదుల నుంచి అయాన్లు వదిలి ఫిల్మ్ మీది చార్జిని చంపే కడ్డీ దగ్గర. బార్ ముందు 12 ఉన్నది, దాటాక 1 లోపు రావాలి. 5 చూపిస్తే సూదులకు దుమ్ము పట్టినట్టే; కరెంటు ఆపి బ్రష్ కొట్టిస్తా. కానీ నాది లోపల తిరిగే రెక్క లేని రకం. అయాన్ల గాలి తగిలితే మీటర్ సున్నా పక్కకు జరుగుతుంది, మళ్లీ సున్నాకు తేవడానికి మాటిమాటికీ బటన్ నొక్కాలి. మళ్లీ కొంటే ధర ఎక్కువైనా రెక్క ఉన్నదే.

ప్రింటింగ్ వైపు, ఇథైల్ ఎసిటేట్ వాసన ఉన్న చోటికి మాత్రం తీసుకుపోను. మండే ఆవిర్ల మధ్య వాడే రకం కాదిది.

ముసురు పట్టినప్పుడు తేమకు చార్జి నిలవదు, 2 కూడా రాదు. మొదటి వానాకాలం మీటరే చెడిపోయిందని బ్యాటరీ మార్చాను.

అంకెలు సరిగ్గా చూపుతుందో లేదో సరిచూసే కాలిబ్రేషన్‌కు పంపితే 40 రోజులకు వచ్చింది, బ్యాటరీ మూత లేకుండా. అప్పటి నుంచి టేపు మీదే నడుస్తున్నది. కొత్తది అడిగితే మా సేటు "నడుస్తున్నది కదా" అంటాడు.