హీట్ పంప్ పెట్టిస్తున్నారా? గది గదికీ వేసిన లెక్క చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి

ఇంగ్లండ్, వేల్స్‌లో సొంతిల్లున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. గ్యాస్ బాయిలర్ తీసేసి ఎయిర్ సోర్స్ హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి ఇంటిని వెచ్చబరిచే కరెంటు మెషీన్) పెట్టిస్తే ప్రభుత్వ బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్ల గ్రాంట్ వస్తుందని తెలిసిందే. ఆ డబ్బు మన చేతికి రాదు. ఇన్‌స్టాలరే ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్‌కి అప్లై చేసి బిల్లులో తగ్గిస్తాడు. అందుకే గ్రాంట్ మీదే కన్నేసి తలుపులు తట్టే కంపెనీలు తయారయ్యాయి. మేం అలాంటిదాని చేతిలో పడ్డాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

మాది 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు. సర్వేకి వచ్చిన అబ్బాయి సోఫాలోంచి లేస్తే ఒట్టు. టేపు తియ్యలేదు, మేడెక్కలేదు, లాఫ్ట్ తలుపు తెరవలేదు. ఈపీసీలో (ఇంటి ఇంధన పొదుపు సర్టిఫికెట్) ఉన్న చదరపు మీటర్లు చూసి టాబ్లెట్‌లో ఏదో నొక్కి, 12 కిలోవాట్ల మెషీన్ చాలు, రేడియేటర్లు ఇవే ఉంచేద్దాం అన్నాడు. వేడినీళ్ల సిలిండర్ ఎక్కడ పెడతారంటే కూర్చున్నచోటి నుంచే మెట్ల కింద అర చూపించాడు. అది మా పూజ గది! తలుపు తీస్తే కదా తెలిసేది.

చలి ముదిరాక ముందుగది 17 డిగ్రీలు దాటితే గొప్ప. గట్టిగా అడిగితే ఎవరినో పంపి, రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడిని 55కి పెంచి వెళ్లిపోయారు. ఇల్లు కాస్త వెచ్చబడింది, కరెంటు బిల్లు భగ్గుమంది. హీట్ పంప్ కిటుకంతా ఇక్కడే ఉంది. నీళ్లు ఎంత తక్కువ వేడితో తిరిగితే అంత పొదుపు. 35-45 డిగ్రీల దగ్గర యూనిట్ కరెంటుకి మూడు, నాలుగు యూనిట్ల వేడి ఇచ్చే మెషీన్ 55 దగ్గర బాగా చతికిలబడుతుంది. ఇక్కడ కరెంటు యూనిట్ గ్యాస్ యూనిట్‌కి దాదాపు నాలుగింతలు పలుకుతోంది కాబట్టి, అప్పుడిక పాత బాయిలరే నయమనిపిస్తుంది. మరి వేడి తగ్గించి నడపాలంటే? 70 డిగ్రీల నీళ్లకు సరిపోయిన రేడియేటర్ 45 డిగ్రీల నీళ్లతో సగం వేడి కూడా ఇవ్వదు. ఏ గదిలో ఎంత పెద్దది పెట్టాలో తెలియాలంటే గది గదికీ హీట్ లాస్, అంటే బయటికి ఎంత వేడి పోతుందో, లెక్క కట్టాల్సిందే. ఇన్‌స్టాలర్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఎంసీఎస్ సంస్థ నిబంధనలు అడిగేదీ అదే.

డబ్బిచ్చి వేరే ఇంజనీరును పిలిపించాం. కంపెనీ నుంచి రిపోర్టు రాబట్టి ఆయన ముందు పెడితే, అందులో ముందుగదికి బే విండోనే లేదు. లాఫ్ట్‌లో 270 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ ఉన్నట్టు రాశారు. పైకెక్కి చూస్తే 100 కూడా లేదు, చెక్క దూలాలు బయటికే కనిపిస్తున్నాయి. బయటి చలిని బట్టి నీళ్ల వేడిని మార్చే వెదర్ కంపెన్సేషన్ ఆఫ్‌లో ఉంది. సిలిండర్‌లో నేరుగా కరెంటుతో నీళ్లు కాచే ఇమ్మర్షన్ హీటర్ మాత్రం రోజూ నడుస్తోంది. లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా వారానికోసారి 60కి వేడెక్కించడం మామూలే గానీ రోజూ కాదు.

ఇంకో తిరకాసు. మాకు అమ్మింది ఒకరు, పైపులు వేసింది ఇంకొకరు, ఎంసీఎస్ సర్టిఫికెట్ మూడోవాళ్లది. ఈ ఏర్పాటును అంబ్రెల్లా అంటారు, నిబంధనలకు విరుద్ధమేమీ కాదు. కానీ గొడవొస్తే ముగ్గురూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కాంట్రాక్టు మీద ఉన్న పేరు, ఎంసీఎస్ వెబ్‌సైట్‌లో ఉన్న పేరు, పనికొచ్చేవాళ్ల పేరు ఒకటేనా అని ముందే అడగండి. సిలిండర్ బిగించేవాళ్లకు జీ3 (ఒత్తిడితో ఉండే వేడినీళ్ల సిలిండర్లు బిగించే) అర్హత ఉందా అన్నదీ అడగండి.

కొందరు ఇన్‌స్టాలర్లు సర్వేకి విడిగా డబ్బడుగుతారు. గదులన్నీ కొలిచి, కిటికీలు లెక్కపెట్టి, లాఫ్ట్‌లో దూరేవాడైతే ఇవ్వండి, దండగ కాదు. సంతకం పెడితేనే లెక్క చూపిస్తామనేవాణ్ని గుమ్మం దగ్గర్నుంచే పంపేయండి. మన వాట్సాప్ గ్రూపుల్లో 'సూపర్‌గా ఉంది, పెట్టించుకోండి' అని లింకులు పంపేవాళ్లలో కొందరికి రిఫరల్ డబ్బులు ముడతాయి. వేసవిలో పెట్టించుకున్నవాళ్ల మెచ్చుకోలు నాకైతే లెక్కలోది కాదు. జనవరి బిల్లు చూపించమనండి.

అడ్వాన్స్ కొంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టండి. వస్తువు ధర 100 నుంచి 30,000 పౌండ్ల మధ్య ఉంటే కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. ఇంటికొచ్చి సంతకం పెట్టించుకున్న కాంట్రాక్టును మామూలుగా 14 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. 'గ్రాంట్ అయిపోతుంది, ఈ రోజే సంతకం పెట్టాలి' అని తొందరపెట్టినా సరే, ఆ హక్కు పోదు.

ఇప్పటికే పెట్టించుకుని వణుకుతున్నవాళ్లు ముందు కంట్రోలర్‌లో ఫ్లో టెంపరేచర్ (రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడి) ఎంతుందో, ఇమ్మర్షన్ ఎప్పుడెప్పుడు ఆన్ అవుతోందో ఫోటోలు తీసి పెట్టుకోండి. కంపెనీకి ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి. హీట్ లాస్ రిపోర్టు కాపీ అందులోనే అడగండి. జవాబు రాకపోతే ఆ మెయిళ్లతోనే ఎంసీఎస్‌కి ఫిర్యాదు చేయండి.