పుదుచ్చేరిలో డంగు సున్నం గోడల మధ్య బస

పుదుచ్చేరిలో మేము దిగింది అందరూ చెప్పే వైట్ టౌన్‌లో, అంటే పాత ఫ్రెంచివాళ్ల పేటలో కాదు. పెద్ద కాలువకు ఇవతల, తమిళుల వాడలో, ఒక పాత ఇంటిని బాగుచేసి నడుపుతున్న గెస్ట్‌హౌస్‌లో. గది అద్దె రోజుకు నాలుగు వేలు, మాలాంటి వాళ్లకు కొంచెం ఎక్కువే. అయినా పాత కట్టడాలంటే ఇష్టం ఉండి వరంగల్ నుంచి అంత దూరం పోయేవాళ్లు ఇలాంటి ఇంట్లోనే దిగాలని గట్టిగా చెప్తున్నా.

మా బాపు హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల జీవితమంతా సుతారి పని, అంటే తాపీ పని చేసినవాడు. గెస్ట్‌హౌస్‌లో సామాను కూడా దించకముందే ఆయన కళ్లు గోడల మీద పడ్డాయి. వాకిలి తలుపు పక్కన ఒకచోట పెచ్చు ఊడి ఇటుక కనిపిస్తోంది. అక్కడ గొంతుక్కూర్చుని, గోరుతో గీకి, ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, "బిడ్డా, ఇది సిమెంటు గాదు, డంగు సున్నం. గానుగల తొక్కిచ్చింది" అన్నాడు. డంగు సున్నం అంటే సున్నం, ఇసుక కలిపి గానుగలో మెత్తగా నూరిన పాతకాలపు గచ్చు. మేనేజర్ కొన్నాళ్లు యానాంలో పనిచేశాడట, తెలుగు బాగానే వచ్చు. రిపేర్లకు కూడా సున్నమే వాడుతున్నామని చెప్పాడు. బాపుకు ఆ మాట ఎంత నచ్చిందో! పాత ఇటుక గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, గోడ లోపల్లోపలే పాడైపోతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇంకా తొందరగా పాడవుతుంది. సున్నమైతే చెమ్మను బయటికి వదులుతుంది. ఇదంతా ఆయన నాకు చాలాసార్లు చెప్పిందే, కానీ కళ్లముందు చూపించింది మాత్రం అక్కడే.

ఇక పైకప్పు. టేకు దూలాలు, వాటి మీద సన్న ఇటుకలను నిలబెట్టి ఏటవాలుగా పేర్చి సున్నంతో బిగించిన మిద్దె. మద్రాస్ టెర్రస్ అంటారు. కింద సెంట్రింగ్ కొట్టకుండా, ఒక వరుసకు ఇంకో వరుసను అంటిస్తూ పోతారు. బాపు మధ్యాహ్నం భోజనం చేశాక మంచం మీద పడుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

ఇంటి నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ స్తంభాలు, వీధివైపు అరుగులు. మన భవంతి ఇళ్ల లాంటిదే. మేడ మీది గదులకు మాత్రం కమాను కిటికీలు, చెక్క రెక్కల తలుపులు, ఫ్రెంచి పద్ధతి. దగ్గర్లోనే వైశ్యాళ్ వీధి ఉంది. అక్కడ ఒక్క ఇల్లు కాదు, వరుసగా ఇళ్ల ముందుభాగాలను పాత పద్ధతిలోనే బాగుచేశారు. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ హెరిటేజ్ అవార్డు వచ్చింది. మా దగ్గర అలాంటి భవంతులు ఎన్ని కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపారో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. పాత ఇల్లు కూడా అద్దె తెస్తుంది, అందులో ఉండాలని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు అని మన ఇంటిపెద్దలకు ఎవరైనా చూపిస్తే బాగుండు.

గెస్ట్‌హౌస్ వాళ్లే పొద్దున నడిపించి ఊరు చూపిస్తారు. డబ్బులు వేరే, కానీ తప్పకుండా పోండి. ఫ్రెంచివాళ్లు 1674లో ఇక్కడ స్థిరపడ్డారు. గీత గీసినట్టుండే వీధుల ప్లాను మాత్రం 1693 నుంచి 1699 దాకా ఊరు డచ్చివాళ్ల చేతిలో ఉన్నప్పటిదట. 1761లో ఇంగ్లిషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. అంటే ఇవాళ మనం ఫోటోలు దిగే పసుప్పచ్చ భవనాలన్నీ ఆ తర్వాత కట్టినవే. చూపించిన అమ్మాయి ఇంగ్లిషులో చెప్తుంటే నేను బాపుకు తెలుగులో చెప్పుకుంటూ పోయా. ఆమె విసుక్కోకుండా ఆగి ఆగి చెప్పింది.

సముద్రం ఒడ్డున గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న రాతి స్తంభాలు తమిళనాడులోని పాత జింజి కోట నుంచి తెచ్చినవి. ఖిలా వరంగల్‌లో చెక్కిన రాళ్లు నేల మీద పడి ఉండటం చూసిన మాకు ఆ స్తంభాల దగ్గర కాలు కదల్లేదు. "మన వేయిస్తంభాల గుడిల నల్లరాయి అద్దం లెక్క మెరుస్తది. ఈ రాయి అంత నునుపు రాదు, కానీ గట్టిది" అని బాపు తీర్పు చెప్పాడు.

బీచ్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ప్రామెనేడ్ అనే ఒడ్డు రోడ్డు పొడవునా నల్లటి బండలే. హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక ఆగిపోయి ఒడ్డు కోసుకుపోయింది. ఈ మధ్య నీళ్లలో అలలను ఆపే రీఫ్ (అడ్డుకట్ట) కట్టాక కొంతమేర ఇసుక మళ్లీ చేరింది. సాయంత్రం ఆ రోడ్డు మీద బండ్లను ఆపేస్తారు కాబట్టి పెద్దవాళ్లు టెన్షన్ లేకుండా నడవొచ్చు. మాకు ఆ ఊళ్లో అన్నిటికంటే హాయిగా గడిచింది ఆ నడకే.

గెస్ట్‌హౌస్‌లో లోపాలూ ఉన్నాయి. మేడ మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, ఒకవైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మాకిచ్చినట్టు మేడ మీది గది ఇవ్వకూడదు. అడిగితే మర్నాడు కింది గదికి మార్చారు, మొదటి రాత్రి మాత్రం బాపు ఇబ్బంది పడ్డాడు. టిఫిన్ ఎనిమిదిన్నరకు గానీ పెట్టరు. పొద్దున్నే చాయ్ కావాలంటే వీధి చివరి బండి దగ్గరికి పోవాల్సిందే. వైట్ టౌన్‌లో ఒక కేఫ్‌లో గంటసేపు కూర్చోబెట్టి చల్లారిన ఆమ్లెట్ ఇచ్చారు. మళ్లీ అటు పోలేదు, మా వీధి మెస్‌లో అరిటాకు భోజనమే తిన్నాం. సాంబారు, పొరియల్ (తమిళుల వేపుడు కూర) రుచిగా ఉన్నాయి, కారం మాత్రం మన నాలుకకు చాలదు. ఇంటి నుంచి ఆవకాయ తీసుకుపోండి.

పుదుచ్చేరి పక్కనే ఉన్న ఆరోవిల్‌లో మాతృమందిరం అనే ధ్యానమందిరం లోపల కూర్చోవాలంటే ముందే బుక్ చేసుకోవాలి. అప్పటికప్పుడు పోతే దూరం నుంచి చూసి రావడమే.

వరంగల్ నుంచి చెన్నైకి రాత్రి రైలు, అక్కడి నుంచి ఈసీఆర్ (సముద్రం ఒడ్డు వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బస్సు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అక్కడ వానలు, ఎండాకాలం ఉక్కపోత. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. శని, ఆదివారాల్లో చెన్నై, బెంగళూరు కుర్రాళ్లు మందు కోసం గుంపులుగా వస్తారు, అద్దెలూ పెంచుతారు. సోమవారం దిగేలా చూసుకోండి, బుక్ చేసేటప్పుడే పెద్దవాళ్లున్నారని చెప్పి కింది గది అడగండి.