బెల్మొంతెలో రెండు రాత్రులు

లిస్బన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేద్దామనుకుంటే పోర్చుగల్‌లోని కొండ ఊరు బెల్మొంతెకి వెళ్లకపోవడమే మేలు. కనీసం రెండు రాత్రులు ఉండండి, అందులో ఒకటి శుక్రవారం అయ్యేలా చూసుకోండి.

రైల్లో కొవిల్యా దాకా వెళ్లి టాక్సీ పట్టుకోవడం సులువు. మొదటి రాత్రికి మేం తీసుకున్న బసవాళ్లు కారు పంపుతామని పంపలేదు, ఫోనూ ఎత్తలేదు. సామానుతో ముప్పావుగంట ఎండలో నిలబడ్డాం. రెండో రాత్రి పాత ఫ్రాన్సిస్కన్ మఠాన్ని హోటల్‌గా మార్చినచోట దిగాం. మందపాటి రాతిగోడలు, కిటికీలోంచి కొండలు. ప్రాణం లేచొచ్చింది.

శాకాహారులు సూప్‌లో మాంసం ముక్క ఉందేమో అడిగి తీసుకోండి. ఇక్కడి కొండల పేరు మీదున్న సెర్రా ద ఎస్త్రెలా జున్ను మాత్రం నిశ్చింతగా తినొచ్చు. గొర్రెపాలను జంతువుల నుంచి తీసిన పదార్థంతో కాకుండా ఒక ముళ్లమొక్క పువ్వుతో విరగబెడతారు.

కోట చూడ్డానికి అరగంట చాలు. 1500లో మన కాలికట్ మీద ఫిరంగులు పేల్చిన పోర్చుగీసు నావికుడు కబ్రాల్ పుట్టిన ఊరిది. మేం వెళ్లింది ఆయన కోసం కాదు, వందల ఏళ్లు తమ మతాన్ని రహస్యంగా కాపాడుకున్న ఇక్కడి యూదుల కోసం.

1496లో పోర్చుగల్ రాజు మనుయేల్ యూదులను దేశం విడిచి పొమ్మన్నాడు. మరుసటేడు పోనివ్వకుండా బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. 1536 నుంచి 1821 దాకా, రహస్యంగా పాత మతం పాటించేవాళ్లను పట్టి శిక్షించే చర్చి విచారణ, ఇన్‌క్విజిషన్, నడిచింది. అన్నేళ్లూ ఇక్కడి ఆడవాళ్లు ప్రార్థనల్ని కూతుళ్లకి నోటితోనే నేర్పారు. యూదుల విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రం ఆలివ్ నూనె దీపం వెలిగించి, వెలుగు వీధిలోకి పడకుండా కుండలోనో అల్మారాలోనో దాచేవారు. 1917లో శామ్యూల్ ష్వార్జ్ అనే పోలెండ్ యూదు ఇంజనీరు వస్తే, దాక్కోకుండా బాహాటంగా బతికే యూదులు కూడా ఉంటారంటే వాళ్లు నమ్మలేదు. ఆయన హీబ్రూలో ప్రార్థన చదువుతుంటే ‘అదొనాయ్’ (ప్రభువు) అన్న మాట దగ్గర ఒక పెద్దావిడ చేత్తో కళ్లు మూసుకుంది. వాళ్ల దగ్గర మిగిలిన హీబ్రూ మాట అదొక్కటే.

2005లో తెరిచిన యూదు మ్యూజియానికి రెండు గంటలు కేటాయించండి. సోమవారం మాత్రం వెళ్లకండి. మరో పూట ఉంటే ట్రాంకోజు అనే ఊరికి వెళ్లండి. అక్కడి పాత ఇళ్ల ద్వారబంధాల రాళ్ల మీద చెక్కిన శిలువలున్నాయి, మతం మారామని చూపించుకోవడానికి యూదులు చెక్కించుకున్నారంటారు. వేలు పెట్టి తడిమాను. ఒకదాని గాడి అరిగి నున్నగా అయిపోయింది.

శుక్రవారం సాయంత్రం, ముందే అడిగి అనుమతి తీసుకుని, 1996లో కట్టిన బెయిత్ ఎలియాహు అనే సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, వెళ్లాం. బయటికొచ్చాక ఒక పెద్దావిడ ఆగి పలకరించింది. ఆవిడ మాటల్ని మాతో వచ్చినతను ఇంగ్లీషులో చెప్పాడు. ఇంట్లో దీపం ఇప్పటికీ అల్మారాలోనే పెడుతుందట. ఇప్పుడు దాచక్కర్లేదు కదమ్మా అన్నాను. అమ్మ పెట్టిన చోటది అంది.

శనివారం సందర్శకులకు సినగాగ్ తెరవరు. శుక్రవారం వెళ్లేవాళ్లు కెమెరా, ఫోను గదిలోనే వదిలి వెళ్లండి.